మూడో నంబరు మంచం

ఆస్పత్రి పుస్తకంలో మా ఆయన పేరు బైరాగి.
సంఘం పుస్తకంలో నతానియేలు.
ఏ పేరు పెట్టి మొరపెడితే
ఆ కిడ్నీ పలుకుతాదో తెలీక
రెండు పేర్లూ సెప్పి ప్రార్థన సేస్తాను.

మంగళవారం, శుక్రవారం మాకు మిషను.
తెల్లారగట్ల నాలుక్కి ఆటో.
కవిటి దాటేసరికి కొబ్బరాకుల మీంచి మంచు టపటప రాల్తాది.
ఎంత నీళ్లో, ఎవుడూ కొలవడు.
మా ఆయనకి మాత్రం నాను కొలిచి ఇస్తాను.
స్టీలు గ్లాసు మీద మేకుతో గీత గీసినాను.
ఆ గీత మా ఇంట్లో పదకొండో ఆజ్ఞ.

ఆదివారం మందిరంలో
ఓబద్యా పాస్టరు గారి గొంతుకి పైన రేకులు అదురుతాయి.
"నమ్ము" అంటారు. నమ్ముతాను.
"ఇంకా నమ్ము" అంటారు.
ఇంకా అంటే ఎంతో, ఏ కాటాలో తూస్తారో.
జీడిపిక్కలైతే కేజీకి ఇంత అనీసి తెలుసును నాకు.

కొబ్బరినూనె సీసా మీద సెయ్యి పెట్టి
కళ్లు మూసుకొని ప్రార్థించి ఇస్తారు.
రాత్రి మా ఆయన నడుంకి రాస్తాను.
జీడిసొన తినీసిన నా ఏళ్లకి
ముందు ఆ నూనె అంటుతాది,
పగుళ్లు మెత్తబడతాయి.
ఇది సాక్ష్యం కిందికి వొస్తాదో రాదో
ఎవుల్నీ అడగలేదు.

సాక్ష్యాలంటే అవి!
తబితమ్మ కడుపులో గడ్డ కరిగిపోనాదట.
మా ఎనక వరసలో జెకర్యాకి సూపు వొచ్చీసిందట.
అందరం సప్పట్లు కొట్టినాం.
నాను గట్టిగా కొట్టినాను, ఏడిసినాను కూడా.
కుళ్లు కాదు.
కాసింత కుళ్లే.

మా ఆయన నంబరు ఎనిమిదిన్నర.
నలభై దినాలు ఒంటిపూట తిని ఉపవాసమున్నాను.
నంబరు తొమ్మిది.
డాక్టరమ్మ కాయితం కేసి సూసింది, నా కేసి సూసింది.
"ప్రార్థన చేసుకోమ్మా. మిషను మాత్రం మానకు" అంది.
అంతకన్నా మంచి వాక్యం ఆ యేడు నాను ఇన్లేదు.

మొన్న మంగళవారం కాదు, దాని ముందుది.
మూడో నంబరు మంచం మీద
దుప్పటి మొకం దాకా లాక్కొని ఎవరో.
సెయ్యి బయటుంది, ఎర్రగొట్టాలు రెండు.
ఆ సెయ్యి నాకు తెలుసును.
ప్రతి ఆదివారం నా నడినెత్తిన పడే సెయ్యి,
సిటికినేలు మొదట్లో పుట్టుమచ్చ.

దుప్పటి దిగింది.
మైకు అక్కర్లేని ఆ గొంతు
ఎండిపోయి, బొంగురుపోయి, "రాహేలమ్మా" అంది.
"సంఘంలో చెప్పకమ్మా. నమ్మకం పోతుంది."
ఎవరిదని అడగలేదు నాను.

నిజం సెప్తాను, కోపం వొచ్చింది.
నలభై దినాల ఆకలి ఒక్కసారే వొచ్చింది.
అంతలో ఆయన పెదాలు సూసినాను.
తెల్లగా పొక్కిపోయి,
అచ్చం మా ఆయన పెదాలే.
ఈయనకి గ్లాసు మీద గీత ఎవరు గీస్తన్నారో.

సంచిలో సీసా ఉంది, ఆయన ఇచ్చిందే.
మూత తీసి
నల్లటి నా ఏళ్లతో ఆయన నుదుటికి రాసినాను.
పెద్ద మాటలు నాకు రావు.
"ప్రభువా, మూడో నంబరు మంచం" అన్నాను.
"నాలుగు కూడా" అన్నాడు పక్కనుంచి మా ఆయన.
ఐదో మంచం మీద తులసిపూసల తాత
తల కాసింత పైకెత్తి
"నన్నూ కలిపీయమ్మా" అన్నాడు.
కలిపీసినాను.
మిషన్లు తిరుగుతానే ఉన్నాయి.

ఆదివారం సాక్ష్యాల ఏళకి
మైకు నా సేతికొచ్చింది.
ఎనకాల కుర్సీలో ఆయన ఊపిరి బిగబట్టడం తెలస్తానే ఉంది.
సేతులు రెండూ పైకెత్తి సూపించినాను.
"ఏళ్ల పగుళ్లు మానినాయి" అన్నాను.
అంతే సెప్పి కూకున్నాను.

సంఘం హల్లెలూయ అంది.
అందరూ అనీసినాక, సన్నగా, ఆయన కూడా.